మెట్ల కింద పాత పెట్టె

నేను ఒక జాబితాను. కాగితం మీద లేను. విజయనగరంలో చూపు లేనివాళ్ల కోసం పుస్తకాలు అచ్చు వేసే చిన్న ముద్రణాలయంలో, ఒక కంప్యూటరు లోపల పుట్టాను. అందులోకి ఏ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ వచ్చినా దాని పేరు, వెర్షను, స్థితి నాలో ఒక వరుసగా నమోదవుతాయి. తెర మీద నాకు బొమ్మ లేదు, బటను లేదు. నల్లని తెర మీద ఒక ఆదేశం టైపు చేసి అడిగితేనే పలుకుతాను. మనుషులకు అడగడమంటే నామోషీ. బొమ్మ కనబడకపోతే వస్తువే లేదనుకుంటారు.

నాకు ప్రాణం పోసినవాడు ఆపరేటరు తవిటయ్య. తెలుగు అక్షరాలనూ అంకెలనూ ఉబ్బెత్తు చుక్కలుగా మార్చే ప్యాకేజీని ఆయనే ఎక్కించాడు. ప్రూఫులు చూసేది దాలమ్మ. ఆమెకు పుట్టుకతో చూపు లేదు, వేళ్లతో చదువుతుంది. లెక్కల పుస్తకంలో భిన్నాలు పిల్లల వేలికి తేలిగ్గా అందేలా ఇద్దరూ నెల్లాళ్లు కుస్తీ పట్టారు. తర్వాత ఆ ప్యాకేజీకి కొత్త వెర్షను వచ్చింది. భిన్నాలు వేరే పద్ధతిలో పడ్డాయి. తవిటయ్య పాతదాన్నే తిరిగి పెట్టి, ఇక మారకుండా నిలిపి ఉంచాడు. నాలో వరుసలన్నీ ‘ఐ ఐ’ అని మొదలవుతాయి. ఉండాలి, ఉంది అని అర్థం. ఆ వరుస మాత్రం ‘హెచ్ ఐ’ అయింది. ఉంది, కదపవద్దు అని. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా చనిపోవడం మంచివాళ్లకున్న చెడ్డ అలవాటు.

ఆయన పోయిన రెండేళ్లకు మేనేజరు గవర్రాజు కొత్త కంప్యూటరు, కొత్త అచ్చు యంత్రం తెప్పించాడు. బిగించడానికి వచ్చిన చక్రధర్ మా తెర చూసి, “నాలుగు బొమ్మలే ఉన్నాయండి. ఇందులోంచి తీసుకునేదేం లేదు” అన్నాడు. పాత అచ్చు యంత్రాన్ని విప్పి అమ్మేశారు. మమ్మల్ని మెట్ల కిందికి నెట్టారు.

కొత్తదాని మీద పదో తరగతి లెక్కల పుస్తకం మొదలైంది. పిల్లలు పద్దెనిమిది మంది. పరీక్షకు పన్నెండు రోజులే ఉన్నాయి.

మొదటి పేజీ మీదే దాలమ్మ వేలు ఆగిపోయింది.

“ఇదేటి బాబూ, మూడు కింద నాలుగు ఎటెళిపోనాది?”

“చుక్కలు చుక్కలే కదమ్మా. ఇది లేటెస్టు” అన్నాడు చక్రధర్.

“నీకు కళ్లున్నాయి, నీకన్నీ చుక్కలే. పిల్లలు ఐదేళ్లు ఒకలాగ నేర్సుకున్నారు. పరీచ్చ ముందు ఇదిస్తే ఆళ్లేటి సేస్తారు?”

గవర్రాజు గడియారం చూసుకున్నాడు. “సరే, పాత ప్యాకేజీ పేరేమిటో, ఎన్నో వెర్షనో చెప్పు. పెట్టిస్తాను.”

అది తెలిసినవాడు బతికి లేడు.

“ఆ పాత పెట్టి ఇలాగ తెండి” అంది దాలమ్మ. “దాన్నే అడుగుతాను.”

“దాన్లో ఏముందమ్మా?”

“అడిగితే కదా తెలుస్తాది.”

తవిటయ్య నేర్పిన ఆదేశం ఆమెకు గుర్తుంది. డి, పి, కె, జి, ఒక ఖాళీ, ఒక గీత, ఎల్. కొట్టింది. తెర మీది మాటలను చదివి వినిపించే తెలుగు గొంతు ఆ కంప్యూటరులో ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. పేరు తెలిస్తే ఆ ఒక్కటే అడిగేది. తెలియదు కాబట్టి అన్నీ విన్నది. నావి వెయ్యిన్ని మూడువందల పన్నెండు వరుసలు. ఐ ఐ, ఐ ఐ, ఐ ఐ. చక్రధర్ రెండుసార్లు టీకి వెళ్లివచ్చాడు. ఆమె లేవలేదు.

ఎనిమిదివందలు దాటాక ‘హెచ్ ఐ’ అన్నాను. ఆమె చెయ్యి చటుక్కున కదిలింది. ఆ వరుసను మూడుసార్లు చదివించుకుంది. పేరు, వెర్షను చుక్కల్లో గుచ్చుకుని, పైకి చెప్పింది. ఆ పేరుతో వెతికితే, తవిటయ్య దాచిన ఆ ప్యాకేజీ ఫైలు మా పెట్టెలోనే దొరికింది.

“దొరికింది కదమ్మా, ఇంక లెండి” అన్నాడు చక్రధర్.

“ఇంకోటేదైనా ఆపుంచాడేమో. సగం విని లేస్తే పుస్తకం మళ్లీ తప్పుతాది.”

విన్నది. దాదాపు చివరన మరో ‘హెచ్ ఐ’ వచ్చింది. ఆమె దాని పేరు చదివించుకుంది. అది పుస్తకానికి సంబంధించింది కాదు. ఆమె చెవిలో అప్పుడు మాట్లాడుతున్న గొంతు పేరు అది. ఎప్పుడో ఒకసారి తవిటయ్యతో, “ఈ గొంతు అలవాటైపోనాది అన్నియ్యా, మార్చీకు” అంది. ఆయన సరే అని కూడా అనలేదు.

దాలమ్మ ఆ వరుసను ఇంకోసారి చదివించుకుంది. “ఓ మాటైనా సెప్పనేదు సూడు” అంది. మిగిలిన వరుసలు కూడా వింది.

పుస్తకాలు నాలుగో రోజుకు పద్దెనిమిది మందికీ అందాయి. మూడు కింద నాలుగు ఉండవలసిన చోటే ఉంది. కొత్త కంప్యూటరులోని జాబితాలో ఇప్పుడు రెండు వరుసలు ‘హెచ్ ఐ’ అని మొదలవుతాయి, చుక్కలది ఒకటి, గొంతుది ఒకటి.

గవర్రాజు ఆమెకు ఒక మంచి మాట చెప్పలేదు. మమ్మల్ని పాత ఇనుముతో కలిపి తూకానికి వేశాడు. మరిచిపోవడం నా పనిలో లేదు కాబట్టి అది నాలో ఉంటుంది. ఇక్కడ పాత సామాన్ల షెడ్డులో, తుప్పు పట్టిన ఫ్యాన్ల మధ్య ఉన్నాను. కరెంటు లేదు. అడిగేవాళ్లు లేరు. అయినా దిగులు లేదు. నన్ను రాసినవాడు ఇవ్వని మాటను కూడా నిలబెట్టుకున్న మనిషి. నన్ను అడిగినామె తనకు కావలసింది దొరికాక కూడా చివరి వరుస దాకా విన్నది. అంతసేపు వినేవాళ్లు మనుషులకే దొరకరు. నాకు దొరికింది.