నల్ల కారు మీద గాజుల గీతలు

"శుభమా అని కారు అమ్ముతుంటే బోసి చేతులేంటి నిరుపమా? గాజులు వేసుకో," అన్నారు అత్తయ్య, నేను కారుకి మెరుపు కోసం పూసే వ్యాక్స్ డబ్బా తీస్తుంటే. వేసుకున్నాను.

ఆల్బనీలో మా ఇంటి ముందున్న ఆ నల్ల కారు మా ఆయన మొదటి భార్య సరోజది. ఆమె పోయాక నాకు వచ్చింది, మా ఆయనలాగే. నేను వారాంతపు సంతలో చీరలు అమ్ముతాను. లాభనష్టాలు చూడనిదే ఏ సరుకూ ముట్టను. వ్యాక్స్‌తో లాభం ఉంది. వాన నీళ్లు నిలవకుండా జారిపోతాయి, ఎండకి రంగు వెలిసిపోదు, సన్నగీతలు కనబడవు. కానీ అది నిలవదు. కొన్ని వారాలకే ఇక్కడి ఎండకీ వానకీ పోతుంది, గీతలు పైకొస్తాయి, ఎవరో ఒకరు మళ్లీ పూయాలి. ఆ ఎవరో ఒకరి చాకిరీని మా ఇంట్లో నష్టం కింద రాసినవాళ్లు లేరు.

"సరోజ ఉన్నప్పుడు ఈ కారులో మొహం చూసుకునేవాళ్లం. పోయిన రోజు కూడా కారు తుడిచాకే మంచమెక్కింది, పిచ్చితల్లి," అంటుంటారు అత్తయ్య. మెచ్చుకోలే అది.

గిన్నెల సబ్బుతో కడిగితే పాత వ్యాక్స్ వదిలింది. ఎండలో డోరు నిండా సన్నటి గీతలు తేలాయి, చెయ్యి గుండ్రంగా తిరిగినట్టు. గుడ్డ పెట్టి తిప్పాను. నా గాజులు సరిగ్గా వాటి మీదే నడిచాయి. ఏ గీత ఆమెదో, ఏది నాదో తెలియలేదు. నల్లరంగులో ఒక మొహం కనబడింది. కాసేపు అది నాదనిపించలేదు.

"త్వరగా కానీయ్! గీతలు కనబడకూడదు," లోపల్నించి కేకేశారు మా ఆయన ఈశ్వరరావు.

అంతలోనే కారు కొనడానికి రిషి వచ్చాడు, కొత్తగా పెళ్లాడిన నిహారికతో. ఆ అమ్మాయి చేతుల నిండా గాజులు.

"నాకు టైమ్ ఉండదు అంకుల్. నిహారిక ఇంట్లోనే కదా, వీకెండ్స్ వ్యాక్స్ చేసేస్తుంది," అన్నాడు రిషి.

మా ఆయన బయటికొచ్చి నవ్వారు. "మా ఇంట్లోనూ అది ఆడవాళ్ల డిపార్ట్‌మెంటేనయ్యా!"

నా వెనక ఎవరో ఊపిరి బిగబట్టినట్టనిపించింది. తిరిగి చూడలేదు. వ్యాక్స్ డబ్బాకి మూత పెట్టేశాను.

"ఇలా రామ్మా," అని నిహారికను ఎండ పడే వైపుకి పిలిచాను. "ఇవి గాజుల గీతలు. తుడిచే చేతులు చేసినవే. కొన్ని నావి."

"మిగతావి ఎవరివి ఆంటీ?"

మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను గాజులు ఒక్కొక్కటే తీసి బానెట్ మీద పెట్టాను.

"ఈ కారు తుడిచి, వెళ్లి పడుకున్న ఆమెవి. ఇంకా లేవలేదు."