లిఫ్టు ఒప్పుకోని జవాబు

ఆ ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపే అతను పొద్దున్నే స్టూలు మీద కూర్చోగానే, లోపలికొచ్చిన వాళ్లలో ఎవరో ఒకరు అతని వృక్షశాస్త్రం పుస్తకం అందుకుని ప్రశ్న అడుగుతారు. జవాబు సరిగ్గా ఉంటే లిఫ్టు సాగిపోతుంది. తప్పయితే ఉన్నచోటే ఆగిపోతుంది. బట్టీ కొట్టిన జవాబును అది అసలే ఒప్పుకోదు. పాత లిఫ్టు, దాని పద్ధతి దానిది అని అందరూ సర్దుకుపోయారు. ఐదో అంతస్తు పళ్ల డాక్టరుకైతే పుట్టగొడుగుల పాఠం నోటికొచ్చేసింది.

అతనికి నలభై రెండేళ్లు. డిగ్రీలో ఈ ఒక్క పేపరు మూడుసార్లు పోయింది. యూనివర్సిటీ ఇచ్చిన గడువులో ఇదే ఆఖరి అవకాశం. ఈసారీ తప్పితే, పాసైన పేపర్లన్నీ కూడా నీళ్లపాలే.

రేపు పరీక్ష అనగా, మధ్యాహ్నం లిఫ్టు మూడో అంతస్తు దాటి ఆగింది. లోపల అతనూ, భవనం తుడిచే ఆవిడా ఉన్నారు. వేళ్ల దగ్గరి నీరు చెట్టు చిటారు కొమ్మ దాకా ఎలా వెళ్తుందని ఆవిడ పుస్తకం చూసి అడిగిన ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. అతను పొల్లు పోకుండా రెండుసార్లు అప్పజెప్పాడు. లిఫ్టు ఉలకలేదు, పలకలేదు.

“పుస్తకం సంగతి వదిలెయ్ తమ్ముడూ. నాకు అర్థమయ్యేలా చెప్పు.”

“పైన ఆకుల్లోంచి నీరు ఆవిరైపోతుంటుందక్కా...”

“పోతే పైన తగ్గాలి. కిందది పైకెందుకొస్తుంది?”

ఇన్నేళ్లలో ఆ అనుమానం అతనికి రానేలేదు. చాలాసేపు ఆలోచించాడు.

“నీటి కణాలు ఒకదాన్నొకటి వదలవక్కా. పైది పోతూ దాని కిందదాన్ని లాగుతుంది, అది ఇంకో దాన్ని. వేరు దాకా అంతే.”

లిఫ్టు కదిలింది.

మర్నాడు పరీక్షలో అదే ప్రశ్న కాస్త తిప్పి అడిగారు. ఆవిడకి చెప్పినట్టే రాసి, సాయంత్రం భవనానికి వచ్చాడు.

“ఇవాళ లిఫ్టు ఎవరు నడిపారు సార్?”

“మీ అక్కే. ప్రశ్నలు మేమడిగాం. ఒక్కసారీ ఆగలేదయ్యా,” అన్నాడు పళ్ల డాక్టరు.

మూడేళ్లుగా బకెట్టు పట్టుకుని ఓ మూల నిలబడి, ఆవిడ విన్నదంతా దాచుకుంది. అంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు. ఆవిడకి చేతులెత్తి మొక్కాలి.

రెండు నెలలకి ఫలితాలొచ్చాయి. అతను పాసయ్యాడు. మార్కుల కాగితంతో పాటు ఓపెన్ యూనివర్సిటీ ప్రవేశ దరఖాస్తు ఒకటి తెచ్చి, లిఫ్టులో అందరి ముందూ ఆవిడ చేతిలో పెట్టాడు.

“నువ్వు చదవగలవక్కా. ఏమంటావు?”

ఆవిడ నవ్వేసింది. “యాభై ఏళ్లొచ్చాయి తమ్ముడూ. ఇప్పుడు నా వల్ల ఏమవుతుంది?”

రెండో అంతస్తు దాటిన లిఫ్టు టక్కున ఆగిపోయింది.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. డాక్టరు గడియారం కూడా చూసుకోలేదు. ఆవిడ అందరి మొహాలూ చూసి, బకెట్టు కింద పెట్టి, తడి చేతులు తుడుచుకుంది.

“సరే, అవుతుంది. పెన్నివ్వు,” అంది.

లిఫ్టు మెల్లగా పైకి సాగింది.