ప్రసన్నకుమారి హస్తవాసి

కుర్చీ తల దగ్గరున్న దీపాన్ని స్పిరిటు గుడ్డతో తుడుస్తూ ప్రసన్నకుమారి గుమ్మం వైపు చూసింది. శారోన్ ఇంకా రాలేదు. మంచిదే. అమలాపురంలోని ఈ పళ్ళాసుపత్రిలో డాక్టరు ఆదినారాయణగారి పక్కన ప్రసన్నకుమారి నిలబడడం మొదలుపెట్టేనాటికి ఆ పిల్లకి పాలపళ్ళయినా ఊడి ఉండవు. ఇప్పుడు మాత్రం కుర్చీ పక్కన శారోన్. పనిముట్లు కడగడానికీ, ఉమ్మి గిన్నె తుడవడానికీ ప్రసన్నకుమారి.

పొట్టి మనిషి. నెరిసిన జుట్టు బిగించి ముడేసుకుంటుంది. అరచేతులు వెడల్పు. ఒకప్పుడు ఆ చేతుల్నే జనం మెచ్చుకునేవారు. పన్ను తీసేముందు రోగి నుదుటి మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసేది. వచ్చినవాళ్ళు ఏ దేవుడికి మొక్కేవాళ్ళయినా కాదనేవారు కాదు. "ప్రసన్నమ్మ హస్తవాసి మంచిదండి" అని ఊళ్ళో చెప్పుకునేవారు. భర్త పోయిన వారానికే వచ్చి మళ్ళీ కుర్చీ పక్కన నిలబడిందంటే ఆ మాట కోసమే.

తర్వాత రక్తం తిప్పే మిషను వచ్చింది, దాని వెనకే శారోన్ వచ్చింది. దవడ ఎముక అరిగిపోయినవాళ్ళకి అక్కడ ఎముక పొడి నింపుతారు. వాళ్ళ రక్తమే కాస్త తీసి, మిషనులో గిర్రున తిప్పి, అందులో తేలిన మెత్తటి పొరను దానిమీద కప్పుతారు. "పొడి పందిరి లాంటిదండి. తీగని పాకించేవి మీ రక్తంలోని ప్రొటీన్లు. పుండు మానడం, ఎముక కట్టడం అంతా వాటి చలవే" అని డాక్టరుగారు ప్రతివాళ్ళకీ విడమరిచి చెప్పేవారు. జనం బుద్ధిగా తలూపి, బయటికొచ్చి, శారోన్ హస్తవాసి మంచిదనేవారు. రక్తం తీసేది ఆ పిల్లే మరి. ప్రొటీన్లకి దక్కవలసిన పేరు కూడా దానికే పోతుంటే ప్రసన్నకుమారికి కడుపు రగిలిపోయేది.

ఈవేళ ఉప్పలగుప్తం నుంచి కామేశ్వరిగారు వచ్చారు. కింది దవడకి ఎముక పెట్టాలి. డాక్టరుగారు పక్కగదిలో ఎక్స్‌రే చూసుకుంటున్నారు. కుర్చీలో వెనక్కి వాలి కామేశ్వరిగారు అటూ ఇటూ చూశారు.

"శారోన్ లేదామ్మా? ఆ పిల్ల రక్తం తీస్తే మా తోడికోడలికి ఇట్టే ఎముక కట్టేసిందంట."

"నేనూ తీస్తానండి. ఆ అమ్మాయికి నేర్పింది నేనేనండి" అంది ప్రసన్నకుమారి. అందులో సగం అబద్ధం.

నరం మొదటిసారికే దొరికింది. గాజు గొట్టం నిండింది. ఆ గొట్టంలో గడ్డకట్టకుండా ఆపే మందేదీ ఉండదు, తీసిన వెంటనే మిషనులో పెట్టెయ్యాలి. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసీ, గొట్టాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడిచెయ్యి కామేశ్వరిగారి నుదుటి మీద వేసి కళ్ళు మూసుకుంది.

రెండు మాటల్లో అయిపోవలసింది అవలేదు. ప్రభువా, ఈ ఎముక నా చేతి మీదుగా కట్టించు, నా చేతి మీదుగానే, అని మొదలైంది. డాక్టరుగారు "శారోన్, ఇలా రామ్మా" అని పిలిచే పిలుపు దగ్గర్నుంచి, రోగులు ఆ పిల్లకి తెచ్చిచ్చే పూతరేకుల దాకా మనసులో ఉన్నదంతా దేవుడికి వెళ్ళబోసుకుంది. ఆమెన్ అనుకుని కళ్ళు తెరిచేసరికి శారోన్ ఎదురుగా నిలబడి ఉంది. గొట్టంలో రక్తం జున్నులా గట్టిపడిపోయింది.

శారోన్ గొట్టాన్ని చూసింది, ఆవిడని చూసింది. బ్యాగు పక్కన పెట్టి చేతులు కడుక్కుంది. "ఇంకొంచెం కావాలండి, ఏమనుకోకండే" అని కామేశ్వరిగారితో చెప్పి, రెండో చేతినుంచి రక్తం తీసి క్షణంలో మిషను తిప్పేసింది.

డాక్టరుగారు వచ్చి పారేసిన గొట్టం చూశారు. "ఇదేంటి?"

"సరిగ్గా రాలేదండి. మళ్ళీ తీసేనండి" అంది శారోన్.

ఆయన సరేనన్నారు. ప్రసన్నకుమారికి మధ్యాహ్నం అన్నం సయించలేదు. ఆ పిల్ల నలుగురిలో నిలదీసినా బాగుండేది. మంచితనం కూడా తనే పట్టుకుపోయింది.

సాయంత్రం ఆవిడ పనిముట్లు ఆరబెడుతుంటే శారోన్ వచ్చి పక్కన నిలబడింది.

"ఆంటీ, నాకిక్కడ ఈవేళే ఆఖరండి. మా ఆయన ఫిలిప్‌కి విశాఖపట్నంలో ఉద్యోగం వచ్చిందండి. పొద్దున్న సామాన్లు లారీకి ఎక్కించేసరికి లేటయిపోయింది. డాక్టరుగారికి ముందే చెప్పేను. మీకు చెప్పడానికే నోరు రాలేదు."

"ఆయ్. మంచిదేనమ్మా."

"పొద్దుటి సంగతి ఎవరికీ చెప్పలేదండి" అని, వెళ్ళొస్తానంటూ మెట్లు దిగి మొగుడి బండెక్కింది.

ప్రసన్నకుమారికి పట్టరాని సంతోషం కలిగింది. దానికి సిగ్గు కూడా పడలేదు. వెళ్ళి కుర్చీ పక్కన, తన పాత చోట్లో నిలబడింది.

"ప్రసన్నమ్మా" అన్నారు డాక్టరుగారు, ఇంటికి బయల్దేరుతూ. "సోమవారం నుంచి ఇందిర అని ఒకమ్మాయి వస్తుంది. కాకినాడలో మిషను పని నేర్చుకుందిట. కుర్చీ దగ్గర తనే చూసుకుంటుంది. ఏవెక్కడున్నాయో మీరు కాస్త చూపించండి చాలు."

"ఆయ్. అలాగేనండి."

కారు వెళ్ళిపోయింది. ఇందిర. నల్లగా ఉంటుందో ఎర్రగా ఉంటుందో కూడా తెలియని పిల్ల మీద ఆవిడకి అప్పుడే అసూయ పుట్టుకొచ్చింది.

మిషను పక్కన శారోన్ వాడుకునే గ్లౌజుల డబ్బా ఉండిపోయింది, చిన్న సైజుది. ప్రసన్నకుమారి ఒకటి లాగి తొడుక్కోబోయింది. అది వేలి కణుపులు దాటి ఎక్కలేదు. ఊడదీసి బల్ల మీద పడేసి లైటు ఆర్పబోతూ చూస్తే, వేళ్ళు సగం సగం ఉబ్బి, అరచెయ్యి పైకి చాపుకుని పడి ఉంది ఆ గ్లౌజు.