సవతి బిళ్ల

మెడలో సవతి బిళ్ల లేకుండా ఆస్పత్రికి రానని మహేశ్వరి మొండికేసింది.

నర్సమ్మ ఆమె చేతికి చుట్టిన బీపీ పట్టీ విప్పి సంచిలో పెట్టుకుంటూ మంజుల వైపు తిరిగింది. "కాళ్లు చూస్తివా ఎట్ల వాసినాయో. బీపీ శానా ఎక్కువుండాది. ఇంటికాడ పెట్టుకునే కత కాదు ఇది. ఈ పొద్దే ఆదోనికి తీసకపో. మీ నాయన యాడ?"

"సుగ్గికి పోయినాడు. గుంటూరు పక్క మిరప కోతలకు."

"అయితే నువ్వే సూసుకోవల్ల. బండికి ఫోన్ జెయ్యమంటే నేను జేస్తా."

నర్సమ్మ వెళ్లిపోయాక మహేశ్వరి గోడకు ఆనుకుని, పొట్ట మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. మొహం కూడా ఉబ్బింది. కళ్ల కింద చర్మం నిగనిగలాడుతోంది.

"పోదాం చిన్నమ్మా," అంది మంజుల.

"ఉత్త మెడతో ఆ మంచం ఎక్కితే నేను దిగను మంజూ. అక్క నన్ను దిగనీదు. నువ్వు ఆ బిళ్ల ఎతికి తీసకరా. మెళ్లో కట్టు. యాడికి రమ్మంటే ఆడికి వస్తా."

అక్క అంటే మంజుల కన్నతల్లి తిమ్మక్క. మంజుల పాకే వయసులో ఉండగానే పోయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ లేదు. ఆ తర్వాత నాగన్న మహేశ్వరిని చేసుకున్నాడు. మొదటి పెళ్లాం పోయినవాడు మళ్లీ తాళి కట్టాలంటే ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. పోయినామె పేరు మీద కంసాలితో చిన్న వెండి బిళ్ల చేయిస్తారు. దాని మీద ఆడమనిషి ముఖం కొట్టిస్తారు. పాలతో కడిగి, కొత్త చీర చూపించి, బొట్టు పెట్టి, ముందు ఆ బిళ్లను కొత్త పెళ్లికూతురి మెడలో కట్టిన తర్వాతే తాళి. చనిపోయినామె అట్లా రెండో ఆమె మెడలో ఇంట్లోనే ఉంటుంది. పండక్కి చీర తెచ్చినా ముందు బిళ్లకు చూపించాలి. లేకపోతే ఆమె నొచ్చుకుంటుంది.

మంజుల ఆ బిళ్లను పట్టుకునే పెరిగింది. చిన్నప్పుడు మహేశ్వరి ఒళ్లో పడుకుని, బొటనవేలితో దాని ముక్కు రుద్దుతూ నిద్రపోయేది. పెద్దయ్యాక అమావాస్య అమావాస్యకూ దానికి కుంకుమ పెట్టేది. అమ్మ అని ఎవరైనా అంటే ఆమెకు కళ్లముందుకు వచ్చేది ఆ ముఖమే. చింతగింజల్లాంటి కళ్లు, అరిగిపోయిన ముక్కు, గట్టిగా మూసుకున్న నోరు.

నిరుడు సుగ్గిలో మహేశ్వరికి కడుపు పోయింది. అంతకు ముందు కూడా ఒకసారి పోయింది. అక్కకు తనంటే పడటం లేదని, తన పిల్లల్ని నిలవనీయడం లేదని ఆమెకు ఒకటే పట్టుకుంది. ఒకరోజు పాత సామాన్లు కొనే బజారి అనే అతను మోపెడ్ వేసుకుని వీధిలోకి వచ్చినప్పుడు, ఆ బిళ్ల విప్పి ఇచ్చి ప్లాస్టిక్ నీళ్ల డ్రమ్ము తీసుకుంది. మంజుల బడి నుంచి వచ్చేసరికి గడపలో నీలం డ్రమ్ము ఉంది, చిన్నమ్మ మెడలో పసుపుతాడు మాత్రమే ఉంది.  మంజులకు ఏదైనా పైకి అనే అలవాటు లేదు. కొన్నాళ్లు మాత్రం ఆ డ్రమ్ములో నీళ్లు తాగలేదు.

ఇప్పుడు మహేశ్వరికి మళ్లీ నెలలు నిండుతున్నాయి. కలలో ఎవరో గడప మీద కూర్చుంటున్నారట. మొహం ఉండదట.

మంజుల పక్కింటామెను చిన్నమ్మ దగ్గర కూర్చోబెట్టి, ఎమ్మిగనూరు ఆటో ఎక్కింది.

బజారి సంత దగ్గర దొరికాడు. మోపెడ్‌కు రెండు పక్కలా బకెట్లు, చాటలు, స్టీలు గిన్నెలు వేలాడుతున్నాయి. కింద గోనెసంచిలో చొట్టలుపడ్డ ఇత్తడి చెంబులు ఉన్నాయి. మంజుల చాలాసేపు పక్కన నిలబడింది. చివరికి అతనే చూశాడు.

"ఏం పాపా, బకెట్ గావల్నా, నన్నే సూడనీక వస్తివా?"

"మా చిన్నమ్మ నీకు ఒక బిళ్ల ఇచ్చింది, బజారన్నా. నిరుడు. ఎండి బిళ్ల. మొహం ఉంటాది."

"ఓ, ఆ సవతి బిళ్లనా. అయి నా దగ్గర ఏడ నిలుస్తాయి తల్లీ. వచ్చినయి వచ్చినట్టే ఆదోనికి పోతాయి. శశికాంత్ సావుకారు లేడా, వాళ్ల పాత జిన్నింగు మిల్లులో అంగడి పెట్టినాడే, ఆయప్ప కొంటాడు. బెంగళూరోళ్లకు ఇట్లాంటియంటే పిచ్చి." కొంచెం ఆగి, "చచ్చినోళ్ల బిళ్లను ఇడిసిపెడితే ఇడిసిపెట్టినట్టే ఉండల్ల గానీ, మల్లా ఎతుకుతారా యాడన్నా?" అన్నాడు.

"చిన్నమ్మకు బాగాలేదు."

బజారి నవ్వు తగ్గించాడు. "ఆదోని బస్సు ఇప్పుడే ఉండాది. పో."

మిల్లు లోపలికి అడుగుపెట్టగానే మంజులకు ముందు కనిపించినవి తలుపులు. గోడ లేకుండా, ఇల్లు లేకుండా, చెక్కిన తలుపులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒకదాని మీద ఎవరో ఎప్పుడో పెట్టిన పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. పైన దూలాలకు పాత దూది దుమ్ము వేలాడుతోంది. ఆ పొడవాటి షెడ్డును గదులు గదులుగా విడదీసి, ఒక్కో గదిలో ఒక్కో రకం సరుకు పెట్టారు. గంగాళాలు, దీపపు సెమ్మెలు, కాటుక భరిణలు, మోగని గోడ గడియారాలు. మగ్గం మీద ఆడాల్సిన నాడెలను గోడకు కొట్టి తాళంచెవుల కొక్కేలు చేశారు. రోట్లో మన్ను పోసి పూలమొక్క నాటారు. ఒక గోడ నిండా ఎవరెవరివో పెళ్లి ఫోటోలు. వాళ్లను అమ్మేస్తున్నారు.

కార్లలో వచ్చినవాళ్లు సెల్‌ఫోన్ వెలుతురులో మూలమూలా వెతుకుతున్నారు. ఏదైనా దొరికితే "ఇది చూడు, ఇది చూడు" అని పిలుచుకుంటున్నారు. మంజుల కూడా వెతికింది. ఎవరినీ అడగడానికి నోరు రాక, గాజు బీరువాలు ఒక్కొక్కటీ వంగి చూసింది. కాళ్ల పట్టీలు, ముక్కెరలు, తాయెత్తులు ఉన్నాయి. బిళ్లలు లేవు. మధ్యాహ్నం దాటిపోయింది.

చివరికి బిల్లు బల్ల దగ్గర గొంతు వినిపించింది. "మా కొత్తింటి హాల్లో, సోఫా ఎనక గోడకు. ఎంత బాగుంటుందో సూడండి. ట్రైబల్ మెడల్స్ అంట కదా ఇవి?"

"అమ్మవారి బిళ్లలు మేడమ్," అంటున్నాడు శశికాంత్. "ప్యూర్ సిల్వర్. ఇట్లా ఫ్రేములో ఎవరి దగ్గరా లేవు."

బల్ల మీద పెద్ద చట్రం ఉంది. ఎర్ర మఖమల్ గుడ్డ. దాని మీద వరసలు వరసలుగా, సన్నటి తీగతో కుట్టిన వెండి బిళ్లలు. ప్రతి దాని మీదా ఒక ఆడమనిషి.

మంజుల తోసుకుంటూ వెళ్లింది. తనకు తెలుస్తుందనుకుంది. ముక్కు అరిగి ఉంటుంది, అదే అమ్మ. మొదటి వరస చూసింది. రెండో వరస చూసింది. చట్రం అంచు పట్టుకుంది. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు చింతగింజ కళ్లు. ప్రతి ముక్కూ అరిగి ఉంది. ఎవరో ఒకరు రుద్దని ముక్కు ఆ చట్రంలో లేదు. కుంకుమ జాడ మాత్రం దేనికీ లేదు. తళతళా మెరుస్తున్నాయి.

"ఏయ్ పాపా, చెయ్యి తియ్," అన్నాడు శశికాంత్. "మరకలు పడతాయి."

"దీంట్లో మా అమ్మ ఉంది."

ఆ మాట ఎట్లా వచ్చిందో మంజులకే తెలియదు. కొనడానికి వచ్చినామె, ప్రియదర్శిని అని అప్పటికే బిల్లు మీద పేరు రాయించుకున్నామె, నవ్వబోయి ఆగింది.

"మీ అమ్మ ఏందమ్మా?"

"చచ్చిపోయింది. రెండో ఆమె మెళ్లో కడతారు. ఇవన్నీ అట్లాంటివే. చచ్చిపోయిన పెండ్లాలు."

ప్రియదర్శిని వేలు అప్పటిదాకా ఒక బిళ్ల మీదే ఉంది. దాన్ని వెనక్కి తీసుకుని చీర కొంగుకు తుడుచుకుంది. "అందరూనా?"

మంజుల తలూపింది.

"నాకొద్దండీ ఇది. గృహప్రవేశం పెట్టుకుని..." అంటూ ఆమె గడియారాల వైపు వెళ్లిపోయింది.

 శశికాంత్ చట్రాన్ని తన వైపు లాక్కున్నాడు. "సాయంకాలానికి ప్యాక్ చేసి పంపాల్సిన సరుకు. నోట్లో నాలుక లేనట్టు వచ్చి భలే పని చేసినావ్ నువ్వు."

"మా చిన్నమ్మను ఆస్పత్రికి తీసకపోవల్ల. అది కట్టకుంటే రానంటాంది."

అతను ఆమెను పైనుంచి కిందికి చూసి, సామాన్లు తోమే దేవేంద్రప్పను కేకేశాడు. "ఈ పాపకు ఒకటి కోసి ఇచ్చి పంపించు. ఇంకో గిరాకీ చెడకముందు."

దేవేంద్రప్ప కటింగ్ ప్లేయరు పట్టుకుని వచ్చాడు. "ఏది కొయ్యల్ల పాపా?"

"గుర్తుపట్టలేకుండా ఉండాను."

"నేనే ఆసిడ్‌లో ఏసి తోమితి గదమ్మా. కుంకుమలు, పసుపులు అంతా పోయె. ముందే తెలిస్తే పక్కన పెడతాంటిని." ప్లేయరు నోరు తెరిచి మూశాడు. "ఏదో ఒకటి సూపిచ్చు. బస్సు పోతాది."

మంజుల ఒక్కొక్క ముఖం మీదా చూపు నిలిపింది. ఏదైనా తనను చూస్తుందేమోనని చూసింది. ఏదీ చూడలేదు. వేలు పెట్టింది. తీగ తెగింది.

బస్సులో పిడికిలి విప్పలేదు. కిటికీ పక్కన కూర్చున్నా పత్తి చేలు ఎప్పుడు పోయాయో చూడలేదు.

మహేశ్వరి పాలు తెప్పించి, దీపం పెట్టించుకుని కూర్చుని ఉంది. బిళ్లను అరచేతిలో వేసుకుని, "ఆమెనే కదా?" అని అడిగింది.

"ఆమెనే."

పాలతో కడిగారు. మంజుల నల్లదారం ఎక్కించి మెడలో కట్టింది. కుంకుమ పెట్టేటప్పుడు చెయ్యి ఆడలేదు. "పెట్టవేంది?" అంది మహేశ్వరి. పెట్టింది.

"తప్పయిపోయిందక్కా," అని మహేశ్వరి గడ్డం వంచి బిళ్లతో మాట్లాడింది. ఆ పూట రొట్టె అడిగి తిన్నది. బండికి ఫోన్ చేస్తానంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపింది. "ఇంగ యాడికి పోయేది లేదు పాపా. అక్క వచ్చె గదా. ఆయమ్మే సూసుకుంటాది. నువ్వూ పండుకో."

తెల్లారేసరికి మహేశ్వరి తల రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఎదురుగా ఉన్న మంజుల ఇద్దరుగా కనిపిస్తోందంది. అయినా కదలనంది. అక్క ఉంది, అక్క ఉంది అని అదే మాట.

"అది మా అమ్మ కాదు," అంది మంజుల.

మహేశ్వరి తలెత్తింది.

"కనుక్కోలేకపోతి చిన్నమ్మా. అంగట్లో శానా ఉండె. అన్నీ ఒకటే మాదిరి. ఏదో ఒకటి తెచ్చినాను."

"మరి అక్క?"

"ఆడే ఉంది. ఆ పాత సామాన్ల అంగట్లో."

మహేశ్వరి చెయ్యి మెడ దగ్గరికి వెళ్లి, బిళ్లను తాకకుండానే ఆగింది. తిడుతుందని మంజుల ఎదురుచూసింది. ఆమె తిట్టలేదు. "నర్సమ్మకు ఫోన్ జెయ్," అంది. బండిలో ఆదోనికి పోతుంటే దారిలోనే ఆమెకు మూర్ఛ వచ్చింది.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయే ముందు మెడలోవన్నీ విప్పి మంజుల చేతిలో పెట్టారు. పసుపుతాడు, దానితో పాటు బిళ్ల. మంజుల గోడ పక్కన నిలబడి అమ్మకు మొక్కుకోబోయింది. చేతిలో ఉన్నది అమ్మ కాదు. ఈమె పేరు తెలియదు. ఊరు తెలియదు. పేరు లేకుండా ఎట్లా అడగాలో తెలియక ఊరికే నిలబడింది.

డాక్టరమ్మ బయటికి వచ్చి, మాస్కు కిందికి లాగింది. "తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు. మీ నర్సు నిన్న పొద్దుననే పోవాలని చెప్పిందంట కదా? నిన్న సాయంత్రానికన్నా వచ్చి ఉంటే చూసేవాళ్లం. నిన్నంతా ఏం చేశారమ్మా?"



మహేశ్వరికి తెలివి వచ్చేసరికి వార్డు కిటికీలో ఎండ వాలుతోంది. బిడ్డ సంగతి అడగలేదు. మంజుల మొహం చూసి ఊరుకుంది. చాలాసేపటికి మెడ తడుముకుంది.

"యాడ పెట్టితివి?"

మంజుల పిడికిలి తెరిచింది. "ఇది అమ్మ కాదని చెప్తి గదా."

"ఇన్నాను లే. ఆయమ్మ ఏం జేసె పాపం, ఎవురింటి మనిషో. కట్టు."

మంజుల వంగి దారం ముడి వేసింది. మహేశ్వరి కళ్లు మూసుకునే ఉంది.

"ఏది అమ్మనో నాకు తెలీలేదు చిన్నమ్మా," అంది మంజుల. 

"నేను ఆ అంగడికి పోయినా నాకూ తెలిసేది గాదు. మెళ్లో ఉన్నదాని మొహం ఏసుకున్నోళ్లకు యాడ కనపడతాది."

ఆయా తలుపు దగ్గరికి వచ్చి, బిడ్డను తీసుకుపోవడానికి మగవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. లేరని చెప్పి మంజుల లేచింది.