నిలువు వరస

పాత కంప్యూటరు నెత్తిన రెండు మొట్టికాయలు వేస్తేగాని స్క్రీను వెలగదు. లెక్కలమ్మ అలవాటుగా ఆ రెండూ వేసి, కళ్లజోడు తుడుచుకుని, పక్కనున్న కొత్త కంప్యూటరు కూడా ఆన్ చేసింది. నీటి సరఫరా ఆఫీసులో ఆమెకు ఇది ఆఖరి రోజు. పాత కంప్యూటరుకీ అంతే. సాయంత్రం ఐదింటికి ఇద్దరికీ సెలవు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమెది ఒకటే పని. నలభై ట్యాంకుల్లో గంటగంటకూ నీటి ఒత్తిడి ఎంతుందో ఆ అంకెలన్నీ పట్టికలో పోసి, ఏ వీధికి ఎప్పుడు నీళ్లు వదలాలో లెక్కగట్టే ప్రోగ్రాము నడపడం. దాన్ని రాసిన కంప్యూటరు భాష తెలిసినవాళ్లు ఇప్పుడు దొరకరు. అందుకని యాభై ఏడో ఏట కొత్త భాష నేర్చుకుని, ఎనిమిది నెలలు కూర్చుని ప్రోగ్రామును తనే అందులోకి మార్చింది. భర్త బస్సు డ్రైవరు, అన్నీ రాత్రి డ్యూటీలే. ఇద్దరూ కలిసి భోంచేసిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ ఎనిమిది నెలల్లో అవీ పోయాయి.

పాత పట్టిక మొత్తం, కొత్త పట్టిక మొత్తం దశాంశాలతో సహా కలిశాయి. సగటూ కలిసింది. సంతకం పెట్టేస్తే అయిపోయేది. కానీ అంకెల్ని ఒక్కొక్కటిగా చూడకపోతే ఆమెకు అన్నం సహించదు. గుట్ట మీది ట్యాంకు దగ్గర వేలు ఆగింది. కొత్త పట్టికలో ఉదయం ఆరింటికి పూర్తి ఒత్తిడి చూపిస్తోంది.

"ఆరింటికి గుట్ట మీద నీళ్లేంటి, నా మొహం," అని గొణుక్కుంది.

ఆమె ఉండేది ఆ గుట్ట మీదే. ఆరింటికి కొళాయి తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది. అందుకే తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి బకెట్లు నింపుకుంటుంది.

పది నిమిషాల్లో తప్పు దొరికింది. పాత భాష అంకెల్ని పట్టికలో పైనుంచి కిందికి, నిలువుగా నింపుతుంది. కొత్తది ఎడమనుంచి కుడికి, అడ్డంగా నింపుతుంది. ఆ సంగతి చెప్పకపోతే ఒక ట్యాంకు అంకె పోయి ఇంకో ట్యాంకు గడిలో కూర్చుంటుంది. అంకెలు అవే గనక మొత్తం మాత్రం మారదు. గుట్టకు నీళ్లు పుష్కలంగా ఉన్నాయనుకుని ప్రోగ్రాము రేపటినుంచి అటు వాల్వే తెరిచేది కాదు. కొత్త భాష పుస్తకంలో మొదటి వారమే చదివిన విషయం. లెక్కలమ్మకు నిజంగా సిగ్గేసింది.

దిద్దడానికి ఒక్క మాట చేర్చితే సరిపోయింది. మేనేజరు దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది.

"సరిచేశారుగా, ఇంక రిజిస్టర్లో రాయకండి," అన్నాడాయన. "వెళ్లిపోయే రోజున లేనిపోని మచ్చ దేనికమ్మా?"

"ఇంకా పదకొండు ప్రోగ్రాములున్నాయి సార్. నా సీట్లోకొచ్చే అమ్మాయే వాటిని మార్చాలి. ఇదే గోతిలో పడుతుంది."

"నోటితో చెప్పండి, చాలు."

తిరిగొచ్చి రిజిస్టరు తెరిచి పెన్ను తీసింది. ముప్పై ఒక్క ఏళ్ల రిజిస్టర్లలో ‘తప్పులు’ అన్న గడి ఎప్పుడూ ఖాళీయే. ఆ ఖాళీ అంటే తనకెంత ఇష్టమో ఆమెకే తెలుసు. కానీ నోటిమాట నాలుగు రోజులే ఉంటుంది. రాసేసింది.

నాలుగింటికి సభ పెట్టారు. మేనేజరు కాగితం చూసి చదివి, గాజు జ్ఞాపిక ఒకటి చేతిలో పెట్టాడు. ‘ముప్పై ఒక్క ఏళ్లు, ఒక్క తప్పూ లేకుండా’ అని దాని మీద చెక్కించారు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆమె నేల చూపులు చూసింది. ఐదింటికి పాత కంప్యూటరు తనే ఆపింది.

"ఏదైనా అర్థం కాకపోతే ఫోన్ చేయొచ్చా మేడమ్?" అని అడిగింది కొత్తగా సీట్లోకొచ్చిన అమ్మాయి.

"చెయ్యమ్మా. తెల్లారి నాలుగున్నరకి మాత్రం ఎత్తను, నీళ్లు పట్టుకోవాలి."

సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. జ్ఞాపిక బల్ల మీదే ఉండిపోయింది. ఆ అమ్మాయి రెండుసార్లు ఫోన్ చేసి గుర్తుచేసింది. "వస్తాలే" అందిగాని రాలేదు. పదకొండు ప్రోగ్రాములూ మార్చినన్నాళ్లూ రిజిస్టరు ఆ పేజీ దగ్గరే తెరిచి ఉండేది. ఫ్యాను గాలికి కాగితం తిరగబడకుండా దాని మీద ఆ జ్ఞాపిక పడుకోబెట్టి ఉండేది. గాజులోంచి చూస్తే, చెక్కిన బంగారు అక్షరాల కింద ఆమె గుండ్రటి చేతిరాత కనపడేది: ‘తప్పు నాది. నిలువుగా నింపాల్సింది అడ్డంగా నింపాను.’