కుట్టుమిషన్‌కు ముసుగు

శక్కర్‌నగర్‌లో మా క్వార్టర్ల లైను మొత్తానికి గ్యాస్ సిలిండర్‌కు లంగా కుట్టిన మొదటి మనిషిని నేనే. ఎర్రపూల గుడ్డ, పైన నాడా, కింద కుచ్చులు. పక్కింటి చంద్రవ్వ అది చూసి, పొయ్యి పక్కన ఎవరో కొత్త కోడలు నిలబడిందనుకున్నానని పడీపడీ నవ్వింది. మర్నాడే తన సిలిండర్ కొలతలు పట్టుకొచ్చింది.

ఇదంతా మా ఆయన సీమోను పుణ్యమే. చక్కెర ఫ్యాక్టరీలో నౌకరీ. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే చాలు, ముందుగా ఆయన కళ్లు గోడల మీద తిరుగుతాయి. మీటరు కనబడొద్దు, స్టెబిలైజరు కనబడొద్దు, నీళ్ల డ్రమ్ము కనబడొద్దు. కనబడొద్దనేది ఆయన, కనబడకుండా చేసేది నేను. మీటరు ముందు పూసల తెర వేశాను. డ్రమ్ముకు పాత పట్టుచీర అంచుతో గౌను కుట్టాను. స్టెబిలైజరుకు క్రోషియాతో జాలీ అల్లాను. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు మహా ఇష్టం. తుప్పు పట్టిన డ్రమ్ముకు జరీ అంచు తొడిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల వంచి చూసుకుంటే కడుపు నిండినట్టుంటుంది. మా అత్త శారమ్మ మాత్రం పనిలేనోడు పిల్లి తల గొరిగినట్టుందని సణుగుతుంది. పనిలేనిదాన్నట! నీళ్లు పట్టి, రొట్టెలు కాల్చి, డబ్బా కట్టి, ఆమె కాళ్లకు నూనె రాసి, బట్టలుతికి ఆరేశాకే నేను మిషన్ ముందు కూర్చునేది.

మిషన్ ముందుగదిలో కిటికీ పక్కన ఉంటుంది. మా ఇంట్లో సరైన వెలుతురు వచ్చేది అక్కడొక్కచోటే. కూర్చున్నంతసేపు ఎవరి భార్యనీ కాను, ఎవరి కోడలినీ కాను. చక్రం తిరుగుతుంటే లోపల నాకు నేను మాట్లాడుకుంటాను. ఒక్కోసారి పాట కూడా పాడుకుంటాను.

ఆ ఏడు కలర్ టీవీ కొన్నాం. అదే నెలలో చర్చివాళ్ల ఇంటి ప్రార్థన మా వంతుకొచ్చింది. టీవీ పక్కన ఆ ఇనుప సామాను ఏం బాగుంటుంది, వెనక కట్టెల అర్రలో పడేయమన్నాడు మా ఆయన. కట్టెల అర్రకు కిటికీ లేదు, పట్టపగలే కరెంటు బుగ్గ వేయాలి. ఒకసారి అక్కడికి పోయిన వస్తువు మళ్లీ ముందుకు రావడం నేనెన్నడూ చూడలేదు. అందుకే పందెం వేశాను.

"అది మిషన్ అని ఒక్కలు గుర్తు పట్టినా నేనే తీస్కపోయి కట్టెల అర్రల పెడ్త. పట్టకుంటే గక్కడనే ఉంటది."

ఆయన సరేనన్నాడు.

ఇక చూడండి నా పనితనం. మిషన్ తలను లోపలికి మడిచి, పైన పలక మూసి, నేల దాకా జారే తెల్లగుడ్డ కప్పాను. అంచుకు లేసు, ముందువైపు మెరూన్ దారంతో సిలువ, పైన పూలకుండీ. అది మిషన్ అని నాకే మరపొచ్చేటట్టు తయారైంది.

సాయంత్రం ఇల్లంతా నిండిపోయింది. చర్చి అయ్యగారు లోపలికి వస్తూనే తెల్లగుడ్డనూ సిలువనూ చూసి, వాక్యం చెప్పడానికి బల్ల కూడా సిద్ధం చేశారని ఎంతో మురిసిపోయారు. పూలకుండీ పక్కన పెట్టి, తన పుస్తకం దాని మీద తెరిచి, వెనక్కెళ్లి నిలబడ్డారు. మా ఆయన నా వైపు చూశాడు, నేను పైకప్పు వైపు చూశాను.

అయ్యగారికి ప్రసంగంలో ఊపు వస్తే కాలు ఆగదు. ఆకాశంలో ఉరుములు ఉరిమే ఘట్టం వచ్చింది. ఆయన పాదం గుడ్డ కిందున్న పెడలు మీద పడింది. గడగడగడమని చప్పుడు. ముందు వరుసలో కళ్లు మూసుకున్న గంగవ్వ "స్తోత్రం" అంది గట్టిగా. అయ్యగారు ఆగారు, చప్పుడూ ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఉరిమింది. చివరికి గుడ్డ ఎత్తి చూసుకొని, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. ఆ తర్వాత ఎవరాగుతారు? మా అత్త కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ పనితనం ఎవరిదని అడిగితే మా ఆయన తల దించుకున్నాడు. "నాదే, అయ్యగారు" అన్నాను. ఆ గుడ్డ చర్చి బల్లకు కావాలని అడిగి, మడత పెట్టించుకొని మరీ తీసుకెళ్లారు.

తెల్లారి మా ఆయన పందెం గుర్తుచేశాడు. మాట మాటేనన్నాడు. ఓడిపోయినదాన్ని, ఏమంటాను? మిషన్ తలను మళ్లీ పైకెత్తి, దాని వైపు చూస్తూ నిలబడ్డాను. ముసుగు లేకుండా, ఎండలో, నల్లగా, ఎంత అందంగా ఉందో. తుప్పు డ్రమ్మునూ దీన్నీ ఒకే వరుసలో ఎట్లా నిలబెట్టాను? నా సొంత వస్తువును నేనే పందెంలో ఎందుకు పెట్టాను? సిగ్గూ వేసింది, నవ్వూ వచ్చింది. ఆయన ఒక కొస పట్టుకొని ఎత్తబోతుంటే, స్టూలు లాక్కొని కూర్చున్నాను. చంద్రవ్వ జాకెట్టు సూది కింద పెట్టాను.

"పందెం ఓడిన, నిజమే. మిషన్ మాత్రం జరగది."

అప్పుడే వాకిట్లో స్కూటర్ ఆగింది. ఆయన పై ఆఫీసరు బాపురావు సారు. మిషన్‌కు కప్పే గుడ్డ కోసం మా ఆయన కళ్లు ఇల్లంతా వెతికాయి. నేను సారుకు దండం పెట్టి, కూర్చోమని కుర్చీ చూపించి, మళ్లీ చక్రం తిప్పాను. చాయ్ పెట్టమని మా ఆయన సైగ చేశాడు.

"చేతిల కుట్టున్నది. ఇయ్యాల మీరు పెట్టుండ్రి."

మా ఆయన వంటింట్లోకి నడిచాడు. డబ్బాల చప్పుడు, గిన్నెల చప్పుడు. ఆఖరికి, జిల్లా అంతా తినే చక్కెర చేసే మనిషి, గొంతు తగ్గించి అడిగాడు.

"చక్కెర యాడున్నదే?"

"మూతలన్ని తీసి సూడుండ్రి" అన్నాను, పెడలు ఆపకుండా.