వెయ్యి మీటర్ల పైన

"బుర్గీకి తల తిరుగుతుంది."

ఉప్పు డబ్బా ఫలానా అరలో ఉందని చెప్పినంత మామూలుగా మా ఇంట్లో నా గురించి ఈ మాట చెబుతారు. మా ఆయన గెబ్‌హార్డ్ అంటాడు, అత్తగారు అంటారు, మా అబ్బాయి సెవెరిన్ కూడా అంటాడు. పెళ్ళైన మొదటి వేసవిలో గామ్స్‌కోగెల్ కొండవెన్ను మీద, రెండు పక్కలా లోయ కనిపించే ఇరుకు చోట, నాకు కళ్ళు తిరిగి కూలబడ్డాను. గెబ్‌హార్డ్ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. కొన్ని వారాలకే డాక్టరు నాకు మూడో నెల అని చెప్పాడు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు. ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. నిజం చెప్పాలంటే నాకూ చాలా ఏళ్ళు తట్టలేదు. తట్టాక ఒకసారి అన్నాను కూడా. "ఎందుకే ఇప్పుడు అవన్నీ, నీకు కొండవెన్ను పడదు, అంతే" అన్నాడు గెబ్‌హార్డ్, సాక్సు ఎక్కడున్నాయో అడుగుతూ.

అందుకని మా ఆదివారాలు ఇలా స్థిరపడ్డాయి. గెబ్‌హార్డూ అతని స్నేహితులూ కొండవెన్ను మీదుగా శిఖరానికి వెళ్తారు. నేను పశువుల బాటన వాళ్ళ తిండి మోసుకుంటూ శిఖరం కిందున్న గుడిసె హోటలుకి చేరతాను. నల్ల రొట్టె, పొగబెట్టిన పంది మాంసం, జున్ను, ఉడికించిన గుడ్లు, పెద్ద ఫ్లాస్కులో టీ. హోటల్లో అన్నీ దొరుకుతాయి, కానీ నేను కోసిన రొట్టె రుచి వేరట. వాళ్ళు చేతులూపుకుంటూ దిగొచ్చి బల్ల చుట్టూ కూర్చుంటారు. "బుర్గీ లేకపోతే మా గతేంటి!" అంటాడు బ్యాంకు డైరెక్టరు ఎర్విన్, నోటినిండా రొట్టెతో. అది విని నేను మురిసిపోయిన రోజులు కూడా ఉన్నాయి.

ఎర్విన్ అని పేరు పెట్టి పిలుస్తున్నానంటే అది కొండ మీద కాబట్టే. సోమవారం కౌంటరు దగ్గర ఆయన డైరెక్టరుగారు, నేను ఆయనకి "మీరు". మా కొండసీమ టిరోల్‌లో వెయ్యి మీటర్లు దాటాక "మీరు" అనే మాట చెల్లదు. డాక్టరైనా, ఆవులు కాసేవాడైనా, ముక్కూ మొహం తెలియనివాడైనా "నువ్వే". మేం అద్దెకిచ్చే గదుల్లో దిగే ప్రతి జర్మన్ అతిథినీ కొండెక్కించి గెబ్‌హార్డ్ ఈ సంగతి చాటింపు వేసినట్టు చెబుతాడు. "వెయ్యి దాటాం! ఇక మీరు గీరు లేదు, అంతా నువ్వే!" అని వీపు చరుస్తాడు. అతిథులకి అది మహా ఇష్టం. ఇంటికెళ్ళాక కార్డులు రాస్తారు, గెబ్‌హార్డ్ ఆతిథ్యం మరిచిపోలేమని. వాళ్ళ పక్కలు పరిచేదీ, దుప్పట్లు ఉతికేదీ, పొద్దున్నే గుడ్లు ఉడికించేదీ ఎవరో వాళ్ళకి తెలియక కాదు. అవి దుప్పట్లు, ఇది ఆతిథ్యం.

అత్తగారు క్రెసెంజ్ కొండెక్కరు. మోకాళ్ళ నొప్పులు. మా ఇంటి మెట్లెక్కడం కూడా ఎప్పుడో మానేశారు, వంటింటి పొయ్యి పక్క బల్ల మీద కూర్చునే ఇల్లంతా నడుపుతారు. ఆవిడ నన్ను "నువ్వు" అంటారు, నేను ఆవిణ్ణి "మీరు" అంటాను. మా వైపు పెద్దవాళ్ళే ముందుగా "ఇక నన్ను నువ్వనొచ్చు" అని చనువిచ్చి, చెరొక చిన్న గ్లాసు పండ్లసారా పోయాలి. ఊళ్ళో నా ఈడు కోడళ్ళందరికీ ఆ గ్లాసు ఎప్పుడో అందింది. నాకు అందలేదు. "ఇదిగో నువ్వు, ఆ దుప్పటి అంచులు కలవలేదు." "అలాగే అత్తగారూ, మీరు లేవకండి." సెవెరిన్ పుట్టి, పెరిగి, కరెంటు పని నేర్చుకుని వేరే కాపురం పెట్టాడు. మా మామగారు పోయారు. ఆ గ్లాసు మాత్రం రాలేదు. చిన్న విషయమేగా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. చిన్నదే. చెప్పులో రాయి కూడా చిన్నదే.

గుమ్మం పక్కన మామగారు తన చేత్తో రంగులేసి రాసిన బోర్డు ఉంటుంది. ఇంటి పేరు, కింద ఒక పువ్వు, దాని కింద "సముద్ర మట్టానికి 1012 మీటర్లు". అతిథులు దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ప్రతి శనివారం దాని మీది సాలెగూళ్ళు దులిపి తడిగుడ్డతో తుడవడం నా పని.

మొన్న ఆదివారం పశువుల బాట మీద నాతో వాల్‌ట్రౌట్ వచ్చింది. నా చిన్ననాటి స్నేహితురాలు, బడి బస్సు నడుపుతుంది, నోరు కూడా బస్సు హారన్ లాంటిదే. దారి చీలిన చోట ఆగి, తన సంచి తెరిచి తాడూ, నడుముకి కట్టుకునే పట్టీలు రెండు జతలూ తీసింది.

"ఏమే, ఇవాళ ఇటు పోదాం."

"నాకు తల తిరుగుతుందే."

"ఎవరన్నారు?"

"ఇంట్లో అందరూ."

"తల ఎవరిదే?"

"వాళ్ళ తిండి నా దగ్గరుంది" అన్నాను, అదేదో పెద్ద అడ్డంకి అన్నట్టు.

"తిండి కూడా కొండెక్కుతుంది, దానికేం తల తిరగదు. నడువు. నువ్వు ముందు. నేనున్నా, వెనకాల."

మొదట్లో అంతా పెద్ద పెద్ద రాళ్ళు. పట్టుకోబోయే రాయిని ముందు అరచేత్తో తట్టి చూడాలి, డొల్లగా మోగితే వదిలెయ్యాలి. "రాతిని కావలించుకోకే, మీ ఆయన కాదది. పాదాల మీద నిలబడు!" అని వెనక నుంచి వాల్‌ట్రౌట్ అరుస్తోంది. ఎంతకాలమైంది నా రెండు చేతులూ నా కోసమే పనిచేసి! ఇంట్లో ఇవి ఎప్పుడూ ఎవరిదో ఒకరిది ఏదో ఒకటి పట్టుకునే ఉంటాయి. ఇక్కడ పట్టుకున్న రాయి నన్ను నిలబెట్టడానికే. ఉప్పెక్కడ అని అడిగేవాళ్ళు లేరు. గాలి, నల్లటి కొండకాకులు, బూట్ల కింద గీరుకుంటున్న రాయి. అప్పుడు నేను కూలబడిన చోటు వచ్చింది.

అడుగు వెడల్పు రాయి, అటూ ఇటూ ఏమీ లేదు. ఎడమన కింద మా ఊరి చర్చి గోపురం, కుడిన నీడలో మంచు. నిలబడిపోయాను. గుండె దడదడలాడింది. తల తిరుగుడు కోసం ఎదురుచూశాను, ఇదిగో వస్తుంది, ఇప్పుడొస్తుంది అనుకుంటూ. అది మాత్రం రాలేదు. చర్చి గోపురం ఉన్నచోటే ఉంది. నా తల నా భుజాల మీద చక్కగా, కదలకుండా ఉంది. గుర్రం మీద కూర్చున్నట్టు రాతికి అటొక కాలూ ఇటొక కాలూ వేసి జరుగుతూ దాటేశాను. దాటాక ఏడుపొచ్చింది. సంతోషంతో ఏడుస్తున్నానని తెలుస్తూనే ఉంది, అందుకని ఆపుకోలేదు.

"ఏమైందే? తిరుగుతోందా?" అంది వాల్‌ట్రౌట్.

"ఎక్కడా తిరగట్లేదే, వెధవది! ఇన్నేళ్ళు!"

శిఖరం మీది శిలువ దగ్గర మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. మమ్మల్ని చూసి ముందుగా లేచినవాడు ఎర్విన్. "బెర్గ్ హైల్, బుర్గీ!" అని, శిఖరం ఎక్కినవాళ్ళు ఒకరినొకరు అభినందించుకునే మాటతోనే చెయ్యి కలిపాడు. గెబ్‌హార్డ్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"నువ్వెటు నుంచి వచ్చావే?"

"నువ్వొచ్చిన దారినే."

"తల తిరగలేదా?"

"అప్పుడు తిరిగింది సెవెరిన్ వల్ల. ఇప్పుడు వాడు కడుపులో లేడుగా."

గెబ్‌హార్డ్ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. స్నేహితులు పగలబడి నవ్వారు. చివరికి అతనూ సిగ్గుపడుతూ నవ్వాడు. మంచివాడే గెబ్‌హార్డ్, ఆ మాట నేను ఎప్పుడూ కాదనలేదు. "సరేగానీ, రొట్టె తెచ్చావా?" అన్నాడు. సంచీ కత్తీ అతని ఒళ్ళో పెట్టి, వాల్‌ట్రౌట్ పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. మందంగా, వంకరటింకరగా కోశాడు. నాకు రుచిగానే ఉంది. దిగేటప్పుడు సంచీ అతని వీపునే ఉంది.

సాయంత్రం ఇంటి ముందు బెంచీ మీద కూర్చుని బూట్లు విప్పుతూ తలెత్తితే బోర్డు కనిపించింది. నిన్ననే తుడిచాను. ఇన్నేళ్ళుగా తుడుస్తున్నాను. 1012. తుడిచానే గానీ ఒక్కనాడూ చదవలేదు. ఒక్కదాన్నే నవ్వేశాను, లోపలి నుంచి గెబ్‌హార్డ్ "ఏమైంది?" అని అరిచేంత గట్టిగా.

వంటింట్లోకి వెళ్ళేసరికి అత్తగారు పొయ్యి పక్కన కూర్చునున్నారు. కొడుకు కొండ కబుర్లన్నీ అప్పటికే చెప్పేసినట్టున్నాడు.

"ఈ వయసులో నీకెందుకీ విడ్డూరం? సూప్ ఇంకా పొయ్యెక్కలేదు."

నేను అరలోంచి బేరిపండ్ల సారా తీసి రెండు చిన్న గ్లాసుల్లో పోశాను. ఒకటి ఆవిడ ముందు పెట్టాను.

"ఇది నువ్వు తాగు, అత్తా."

సూప్ కోసం బల్ల దగ్గర కాచుకుని ఉన్న గెబ్‌హార్డ్ స్పూను కింద పెట్టాడు.

"నీకెవరిచ్చారు ఈ చనువు?" అంది అత్త.

"మామయ్య. బయట బోర్డు మీద రాసిపెట్టి మరీ పోయాడు. వెయ్యి దాటితే మీరు గీరు లేదని నీ కొడుకే ఊరంతా చాటుతాడు. కావాలంటే అడుగు."

అత్త కొడుకు వైపు చూసింది. కొడుకు తన సాక్సు వైపు చూసుకున్నాడు. నా గుండె మళ్ళీ ఆ ఇరుకు రాతి మీద కొట్టుకున్నట్టే కొట్టుకుంది, కానీ నేను గ్లాసు వెనక్కి తీసుకోలేదు. అప్పుడు అత్త పెదవి ఒక పక్కకి కదిలింది. ఆవిడ నవ్వాపుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ బోర్డు పచ్చి అబద్ధం" అంది. "ఈ ఇల్లు వెయ్యికి ఆరు మీటర్లు తక్కువ. అతిథులు మురుస్తారని మీ మామయ్యే ఎత్తు పెంచి రాశాడు. నేను వద్దన్నా వినలేదు."

గెబ్‌హార్డ్ కళ్ళు పెద్దవయ్యాయి. నాకు మెట్లు గుర్తొచ్చాయి. రోజూ దుప్పట్లు మోసుకుంటూ నేనెక్కే మెట్లు, రెండంతస్తులు. పైదాకా ఎక్కితే ఆరు మీటర్లు దాటినట్టే. రెండు గ్లాసులూ ఒక చేతిలోకి తీసుకుని, రెండో చెయ్యి చాపాను.

"అయితే పైకి పద. మేడ మీద తాగుదాం."

ఆవిడ ఆ చేతి వైపు చూసింది. "మోకాళ్ళు" అంది. "మధ్యలో తల తిరిగితే?"

"నువ్వు ముందు నడు. నేనున్నా, వెనకాల."

ఆవిడ బల్ల పట్టుకుని లేచింది. మొదటి మెట్టు మీద పాదం పెట్టి, బరువు వేసి చూసుకుని, రెండోది ఎక్కింది. నేను వెనకాలే ఉన్నాను. సగం దాకా వెళ్ళామో లేదో, కింది నుంచి గెబ్‌హార్డ్ గొంతు వినిపించింది.

"మరి సూప్?"

నేను నోరు తెరిచేలోపే అత్త మెట్ల కమ్మీ పట్టుకుని, ఆయాసపడుతూనే కిందికి వంగింది.

"పొయ్యి ఎక్కడుందో నీకు తెలుసుగా, నాయనా!"